హాస్యానికి వారసులు

కావ్యానికి లేఖకుడుంటాడు, వ్యాఖ్యాత ఉంటాడు. కవి గతించినా తాళపత్రం మీద అక్షరం నిలుస్తుంది. నటుని హాస్యానికి అట్టి ఆధారం చిరకాలం లేదు. చలనచిత్రం వచ్చి ఆ లోటు తీర్చిందని లోకం భావించింది. కాని ఫిల్ము తాళపత్రం కన్న త్వరగా శిథిలమయ్యే వస్తువని పిదప తేలింది. నటుని కీర్తిని కాపాడేది ఫిల్ము కాదు, దానిని వెదకి తెచ్చి పదుగురికి చూపే సహృదయుడే. లారెల్, హార్డీల చరిత్ర ఇందుకు మంచి నిదర్శనం.

స్టాన్ లారెల్ 1890లో ఇంగ్లండులోని అల్వర్‌స్టన్‌లో జన్మించాడు. ఆలివర్ హార్డీ 1892లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో. ఇద్దరూ కలిసి నటించిన చిత్రాలు నూటికి పైబడినవి. ఒకడు బక్కపలుచన, మరొకడు స్థూలకాయుడు. వికృతమైన ఆకారమూ, వేషమూ హాస్యానికి విభావాలని భరతుడు ఏనాడో చెప్పాడు. అయితే ఆకారం కలిగించే నవ్వు తొలి చూపుతోనే తీరిపోతుంది. ఆ తరువాతి నవ్వు స్వభావం నుండి పుట్టవలసిందే.

1929లో వచ్చిన 'బిగ్ బిజినెస్' చూసినవారికి ఈ సంగతి సుబోధకం. ఇద్దరూ క్రిస్మస్ చెట్లు అమ్ముకుంటూ ఇల్లిల్లూ తిరుగుతారు. ఒక గృహస్థు వద్దంటాడు. మాటకు మాట పెరిగి, వారు అతని ఇల్లు పడగొడతారు. అతడు వారి కారును తుత్తునియలు చేస్తాడు. విశేషమేమంటే, ఒకరు విధ్వంసం సాగిస్తుండగా రెండవవారు అడ్డుపడరు. నిలబడి శ్రద్ధగా చూస్తారు, తమ వంతు కోసం వేచి ఉంటారు. కలహంలోనూ ఈ మర్యాద తప్పకపోవడమే అందలి హాస్యానికి ఆయువుపట్టు. తొందర ఎరుగని ఈ నడకే వారిని తక్కిన హాస్యనటుల నుండి వేరుచేసింది.

ఈ నడకను గుర్తించిన అభిమానులే వారి వారసులయ్యారు. 1961లో వారి జీవితకథ వెలువరించిన జాన్ మెకేబ్, మరి నలుగురు మిత్రులతో కలిసి 1965లో న్యూయార్కులో ఒక సమాజం స్థాపించాడు. దానికి 1933 నాటి వారి చిత్రం పేరే, 'సన్స్ ఆఫ్ ది డెసర్ట్' అని, పెట్టారు. ఆ చిత్రంలో నాయకులిద్దరూ భార్యలతో అబద్ధమాడి ఒక సోదర సంఘం మహాసభకు పారిపోతారు. సంఘాల ఆర్భాటాన్ని ఎగతాళి చేసిన చిత్రం పేరు ఒక సంఘానికి పెట్టడంలోనే దాని లక్షణం తెలుస్తుంది. శాఖలను 'గుడారాలు' అంటారు. ఒక్కొక్క గుడారానికి ఒక్కొక్క చిత్రం పేరు. అధికారులకు ఏ అధికారమూ లేదని నియమావళే చెబుతుంది. లారెల్ ఆ ముసాయిదాను చూసి ఆమోదించి, 1965 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. హార్డీ 1957లోనే గతించాడు. ఇతర దేశాలకూ విస్తరించిన ఈ సమాజం ఆరాధ్యులను పీఠమెక్కించలేదు. వారి పరిహాసధోరణినే తన ఆచారంగా స్వీకరించింది.

ఈ ఆట వెనుక గంభీరమైన పని ఉంది. 1927 నాటి 'హ్యాట్స్ ఆఫ్' నేటికీ దొరకలేదు. ఇద్దరు ఒక బట్టలుతికే యంత్రాన్ని పొడవాటి మెట్లెక్కించే కథ అది. లాస్ ఏంజిలిస్‌లోని ఆ మెట్ల మీదనే 1932లో 'ది మ్యూజిక్ బాక్స్' కోసం పియానో ఎక్కించారు. ఆ చిత్రానికి ఆస్కారు లభించింది. మొదటి చిత్రం పోయినా మెట్లు మిగిలాయి. అభిమానులు నేటికీ వాటిని ఎక్కి వస్తుంటారు. 'ది బ్యాటిల్ ఆఫ్ ది సెంచరీ' రెండవ రీలు మాత్రం ఎనభై ఏళ్లకు పైగా సమగ్రంగా కానరాక, 2015లో ఒక సేకర్త వద్ద బయటపడింది. పెద్ద సంస్థలు పోగొట్టుకున్నదానిని ఒక వ్యక్తి మమకారం దాచిపెట్టింది.

అనువాదకులు గమనించదగిన అంశం మరొకటి. 1930 ప్రాంతాల ఈ జంట స్పానిష్, ఫ్రెంచి, జర్మన్, ఇటాలియన్ మాటలను అర్థం తెలియకనే ఒప్పజెప్పి చిత్రాలు చేసింది. వారి ఇంగ్లీషు యాస ఇటలీవారిని ఎంత అలరించిందంటే, పిదప గొంతు అరువిచ్చిన ఇటాలియన్ నటులు ఆ యాసనే అనుకరించారు. హార్డీకి గొంతునిచ్చిన ఆల్బర్టో సోర్డీ తరువాత స్వయంగా మహానటుడయ్యాడు. దోషమే అక్కడ శైలి అయింది. జర్మనీలో వ్యాపించిన పేరుకు 'లావువాడు, మందమతి' అని అర్థం. ఇది అనువాదం కాదు, అపార్థం. మందమతి లారెల్ ఒక్కడే కాడు. తాను తెలివైనవాడిననుకునే హార్డీ అంతకు మించిన మందమతి. ఈ సూక్ష్మం జారిపోతే జంటలో సగం హాస్యం జారిపోయినట్లే.

అభిమానానికీ హద్దు ఉండాలి. 1941 తరువాత పెద్ద స్టూడియోలలో, లారెల్‌కు కథ మీద, కూర్పు మీద పెత్తనం లేని రోజులలో వచ్చిన చిత్రాలు పూర్వపు వాటికి దీటు కావు. రెంటినీ ఒకే నోట పొగడేవాడు భక్తుడు కావచ్చు గాని రసజ్ఞుడు కాడు.

తెలుగు తెరమీద రేలంగి, రమణారెడ్డి జంట కూడా ఆకారవైరుధ్యంతో మొదలై స్వభావహాస్యానికి ఎదిగినదే. 1957 నాటి 'మాయాబజార్'లో వారు ధరించిన లక్ష్మణకుమారుడు, చిన్నమయ పాత్రలను ఎరుగని తెలుగువారు అరుదు. రమణారెడ్డి 1974లోను, రేలంగి 1975లోను గతించారు. ప్రసిద్ధ చిత్రాలకు భయం లేదు. జనం వాటిని విడువరు. అప్రసిద్ధ చిత్రాల ప్రతుల మాటేమిటి? తొలి తెలుగు టాకీ అయిన 1932 నాటి 'భక్త ప్రహ్లాద' నేడు చూడడానికి లేదు. ఆ నష్టం తక్కినవాటికి పట్టకుండా చూడవలసినది ప్రభుత్వ భాండాగారాలు మాత్రమే కాదు. పెట్టెలలో మిగిలిన రీళ్లు, సంభాషణల ప్రతులు, పాటల పుస్తకాలు సేకరించి, మంచిచెడ్డలు విడదీసి వ్యాఖ్యానించవలసిన బాధ్యత రచయితలది కూడా. నవ్వును చులకనగా చూసే విమర్శ చివరికి ఆ నవ్వునే పోగొట్టుకుంటుంది. పియానో మెట్లెక్కినది ఇద్దరు కలిసి మోయబట్టే.