యాభై చింతగింజలు

వేసవి సెలవులకి గుడివాడ వచ్చిన మా మేనల్లుడు హాల్లో కూర్చుని ‘డార్క్ సోల్స్’ ఆడుతుంటే వెనక నిలబడి చూశాను. 2011లో జపాన్ నుంచి వచ్చిన ఆట అది. గంటసేపట్లో వాడు పదిహేనుసార్లు చచ్చిపోయాడు. చచ్చిన ప్రతిసారీ అప్పటిదాకా కూడబెట్టిందంతా పడిన చోటే ఉండిపోతుంది. నెగడు దగ్గర మళ్ళీ లేచి, మళ్ళీ బతికొచ్చిన శత్రువుల మధ్య నుంచే ఆ చోటికి నడిచి తెచ్చుకోవాలి. ఈలోగా ఇంకోసారి చస్తే ఇక దక్కదు.

“విసుగు రావట్లేదట్రా?” అన్నాను.

“వస్తోంది మావయ్యా. ఇందాక వాడు కుడివైపు నుంచి కొట్టాడు. ఈసారి ఎడమకి దొర్లుతా.”

ఏళ్ళ తరబడి ఆదివారాలు మా అరుగు మీద పిల్లలకి చదరంగం నేర్పుతున్నాను. వాళ్ళ నోట నేను వినాలనుకునే మాట సరిగ్గా ఇదే. ఓడిన పిల్లవాడు సాధారణంగా రెండే మాటలంటాడు: “అదృష్టం లేదు”, “ఇంకో ఆట ఆడదాం”. రెండూ పడిన చోటు నుంచి పారిపోవడమే.

అందుకే చదరంగంలో ఎత్తులు కాగితం మీద రాసుకునే అలవాటు నాకు అంత ఇష్టం. పోటీల్లో అది నిబంధన. నా దగ్గర మాత్రం అసలు చదువే అది. ఓడిన ఆటని ఆ కాగితం చూసి మొదటి నుంచీ మళ్ళీ పేర్పిస్తాను. పిల్లలు ఆట కట్టిన ఆఖరి ఎత్తునే తిట్టుకుంటారు. వెనక్కి నడిపిస్తే, నలభయ్యో ఎత్తులో చచ్చిన రాజుకి ఇరవై మూడో ఎత్తులోనే గొయ్యి తవ్వారని తెలుస్తుంది. తొందరపడి తోసిన ఒక బంటు. దాని చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టేదాకా ఫోన్లో కంప్యూటర్‌ని అడగనివ్వను. అది జవాబు క్షణంలో చెప్పేస్తుంది, వెతుకులాట మాత్రం పిల్లవాడికి దక్కదు.

ఈ ఊళ్ళో చదరంగం అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది కోనేరు హంపి. 1987 మార్చి 31న ఇక్కడే పుట్టింది. తండ్రి అశోక్ ఉద్యోగం వదిలి కూతురికి ఆట నేర్పారు. 2002లో, 15 ఏళ్ళ 1 నెల 27 రోజుల వయసులో, అప్పటికి మహిళల్లో అందరికన్నా చిన్న వయసులో గ్రాండ్‌మాస్టర్ అయింది. ఇదంతా పిల్లలకి నోటికొచ్చు. నేను పదే పదే చెప్పేది తర్వాతి సంగతి. 2011లో టిరానాలో ప్రపంచ టైటిల్ కోసం హౌ యిఫాన్‌తో ఆడి ఓడిపోయింది. 2017లో తల్లయింది, దాదాపు రెండేళ్ళు ఆటకి దూరంగా ఉంది. తిరిగొచ్చి 2019లో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది. 2024 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో అదే టైటిల్ కోసం ఆడుతూ మొదటి రౌండే ఓడింది. ఒక్కొక్కరికి 15 నిమిషాలు, ఎత్తుకి 10 సెకన్లు అదనం. కూర్చుని ఏడవడానికైనా తీరిక లేని ఆట. అయినా 11 రౌండ్లలో 8.5 పాయింట్లతో 37 ఏళ్ళ వయసులో మళ్ళీ విజేత అయింది. మరుసటి జూలైలో బటూమిలో ప్రపంచ కప్ ఫైనల్ టైబ్రేక్‌లో 19 ఏళ్ళ దివ్యా దేశ్‌ముఖ్ చేతిలో ఓడింది. ఆ ఓటమి కూడా పిల్లలకి చెబుతాను.

కష్టమైన ప్రతి ఆటా ఓర్పు నేర్పదు. ఎందుకు చచ్చామో కనిపించని ఆట మనిషిని మొండివాణ్ణి చేస్తుందేమో గానీ తెలివిగలవాణ్ణి చెయ్యదు. మావాడి ఆటలో దెబ్బ ఎటునుంచి వచ్చిందో కనిపిస్తుంది, అందుకే దానిమీద గౌరవం కలిగింది. చదరంగం ఇంకాస్త కఠినం. ఎదుటివాడు కూడా నేర్చుకునే వస్తాడు.

ఆ సాయంత్రం వాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి నాకు తెలిసిన గట్టి చిక్కుముడి ఇచ్చాను. వాడికి రాజు, గుర్రం, నల్లగళ్ళ శకటు. నాకు ఒంటరి రాజు. యాభై ఎత్తుల్లో కట్టలేకపోతే డ్రా. బాగా ఆడితే 33 ఎత్తులు చాలు. గిన్నెలో యాభై చింతగింజలు పోసి, ఎత్తుకొకటి పక్కన పెట్టమన్నాను. నా రాజుని అంచుకి నెట్టడం వాడికి తొందరగానే వచ్చింది. నేను తెల్లగడి మూలకి వెళ్ళి కూర్చున్నాను. నల్లగళ్ళ శకటుతో అక్కడ బలవంతంగా కట్టడం కుదరదు, నల్లగడి మూలదాకా తోలుకెళ్ళాలి. తోలే దారిలో గుర్రం ఇంగ్లీషు డబ్ల్యూ అక్షరంలా మెలికలు తిరగాలి. అది తెలియక వాడు చెక్ మీద చెక్ చెప్పాడు. నా రాజు సందులోంచి జారి బోర్డు మధ్యకొచ్చింది. గిన్నె ఖాళీ.

మర్నాడు మూడుసార్లు ఖాళీ అయింది. నాలుగోసారి రాజు జారిన ఎత్తు దగ్గరే ఆగి, పావుల్ని అక్కడికే మళ్ళీ మళ్ళీ పేర్చుకున్నాడు. గుర్రాన్ని ఒక గడికి జరిపి, వెనక్కి తీసి, ఇంకో గడి చూశాడు. చెక్ చెప్పకుండా దారి మూసే గడి దొరికింది.

నాలుగోరోజు నల్లగడి మూలలో నా రాజు కట్టుబడింది. గిన్నెలో మూడు గింజలు మిగిలాయి. వాడు వాటికేసి చూసి, “33 అన్నావుగా మావయ్యా” అంటూ గింజలన్నీ మళ్ళీ గిన్నెలో పోశాడు.