పితూరీ శబ్దవిచారము

తెనుఁగున ‘పితూరీ’ శబ్దమునకు రెండర్థములు ప్రసిద్ధములు. ఒకరిమీఁద నొకరు చెప్పు చాడి యొకటి. ప్రభుత్వముపై సాయుధముగాఁ దిరుగఁబడుట రెండవది. రంపదేశమున 1879లోను, గూడెముకొండలలో 1922లోను బయలుదేఱిన పోరాటములకుఁ బితూరీ యనియే చరిత్రమున వాడుక. ఇంత యెడముగల యర్థము లొక్క శబ్దమున నెట్లు కుదిరిన వనునది విచార్యము.

ఈ పదము దేశ్యము గాదు. సంస్కృత పితృశబ్దముతో దీనికి సంబంధము లేదు. మూలము అరబ్బీ ‘ఫుతూర్’. సడలుట, బలము తగ్గుట దాని ప్రథమార్థము. పారసీక హిందుస్థానీలలో లోపము, పిదపఁ గల్లోలము అను నర్థములు చేరినవి. మరాఠీయందలి ‘ఫితూర్’, ‘ఫితురీ’ శబ్దములు స్వామిద్రోహమునకును, లోపలివారిని శత్రుపక్షమునకుఁ ద్రిప్పుటకును జెల్లును. కాఁబట్టి మొదటి యక్షరమందలి యికారము తెనుఁగున నేర్పడినది గాదు. ‘ఫకీరు’ ‘పకీరు’ అయినట్లు ఫకారము పకారమగుటయే తెనుఁగు మార్పు. ‘ఫిత్నా’ శబ్దముతో దీనిని ముడివెట్టుటయుఁ జెల్లదు. దాని ధాతువర్ణములు ఫ-త-న, దీనివి ఫ-త-ర.

ఒకరిని మఱియొకరిపై రహస్యముగాఁ ద్రిప్పుట యను నడిమి యర్థమును గ్రహించినచో రెండర్థములకును పొత్తు కుదురును. అది రాజ్యమున జరిగిన తిరుగుబాటు, ఇంట జరిగినఁ జాడి.

అయినను నిది పాలకుల నోటి మాట. లోపము, ద్రోహము అను దృష్టి దాని గర్భముననే యున్నది. 1879 నాఁటి కల్లుపన్ను, మన్సబుదారుని పీడన, 1882 అటవీచట్టము పిదపఁ బోడుసేద్యమునకుఁ గలిగిన నిర్బంధములు, చాలని కూలికి మన్యపుఁ ద్రోవపనులలోఁ జేయించిన చాకిరి: వీనిలో నొక్కటియు నా మాటలో వినఁబడదు.

‘విప్లవ’ శబ్దముతోఁ బోల్చినచో నీ విషయము తేటపడును. సంస్కృతమున దానికిని ఉపద్రవము, నాశము అనియే యర్థములు. కాని తిరుగఁబడినవారే దానిని తమ కార్యమునకుఁ బేరుగాఁ గైకొనుటచే దానికి గౌరవము గలిగినది. శబ్దగౌరవము ధాతువువలనఁ గాక ప్రయోక్తవలనఁ గలుగు ననుట కిది నిదర్శనము.

1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపైఁ బడి యాయుధములు గొని, 1924 మే 7న కాల్చి చంపఁబడిన అల్లూరి సీతారామరాజు నాఁటి ప్రభుత్వమునకుఁ బితూరీదారు. అరకు, పాడేరు ప్రాంతములు చేరిన జిల్లాకు 2022లో నాతని పేరే పెట్టఁబడినది. పురుషునికి న్యాయము జరిగినది, శబ్దార్థమునకు జరుగలేదు. కావున నిఘంటుకారులు ‘తిరుగుబాటు’ అని మాత్రము వ్రాసి విడువక, ‘పాలకపక్షప్రయుక్తము’ అని చేర్చుట యుక్తము.