ఇసుకరాయి స్పాంజి కాదు: చమురు వెలికితీత పాఠంపై ఒక విమర్శ

పెట్రోలియం పాఠాల్లో ఒక పోలిక తరచుగా కనిపిస్తుంది. చమురు నిండిన ఇసుకరాయి తడి స్పాంజి వంటిదనీ, పిండగా మిగిలినదాన్ని రసాయనాలతో కడిగి తీయవచ్చనీ చెబుతారు. మొదటి పాఠానికి ఈ పోలిక సరిపోతుంది. మెరుగైన చమురు వెలికితీత, అంటే ఇ.ఓ.ఆర్. దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఇది విద్యార్థిని తప్పుదారి పట్టిస్తుంది.

ముందు దశలను వేరుచేసి చూడండి. సహజ పీడనం వల్ల చమురు పైకి రావడం ప్రాథమిక దశ. పీడనం తగ్గాక నీటిని గాని వాయువును గాని లోపలికి పంపడం ద్వితీయ దశ. పాలిమర్, సర్ఫాక్టెంట్, కార్బన్ డయాక్సైడ్, ఆవిరి వంటివి వాడడాన్ని సాధారణంగా ఇ.ఓ.ఆర్. అంటారు.

అమలాపురం దగ్గరి సముద్రంలోని రవ్వ క్షేత్రాన్ని ఓ.ఎన్.జి.సి. 1987లో కనుగొంది. 1993లో ఉత్పత్తి మొదలైంది. అక్కడ మధ్య మయోసీన్ కాలపు ఇసుకరాయిలోకి నీటిని పంపి చమురు తీశారు. అది ద్వితీయ దశ, దానిని ఇ.ఓ.ఆర్. అని రాయకూడదు. రాజస్థాన్‌లోని మంగళ క్షేత్రం 2004లో బయటపడింది. అక్కడిదీ ఇసుకరాయే, పారగమ్యత కూడా ఎక్కువే. అయితే చమురు నీటికంటే చిక్కన. పలుచని నీరు దానిని నెట్టకుండా చీల్చుకుని ముందుకు పోతుంది. అందుకే నీటిలో పాలిమర్ కలిపి చిక్కబరచవలసి వచ్చింది.

ఇక రాతి సంగతి. చీపురుపల్లి పరిసరాల్లో మీకు కనిపించే ఖోండలైటు రూపాంతర శిల. అందులో చమురు వెతకనక్కరలేదు. శ్రీకాకుళం వైపు వెళ్లినప్పుడు నాగావళి ఒడ్డు కోతపడిన చోట గమనించండి. ముతక ఇసుక, సన్న ఇసుక, బురద పొరలు పొరలుగా ఉంటాయి. నదులు పరచిన ఇసుకరాయి నిర్మాణమూ ఇలాంటిదే. పంపిన ద్రవం ముతక పొరలోంచి పరుగెత్తి ఉత్పత్తి బావికి చేరుతుంది. సన్న పొరలోని చమురు కదలదు. బురద పొర నిలువు ప్రవాహానికి అడ్డుగోడ అవుతుంది. స్మెక్టైటు అనే బంకమన్ను మంచినీటికి ఉబ్బి రంధ్రాలను మూసేస్తుంది. కెయొలినైటు రేణువులు ఊడివచ్చి ఇరుకు దారుల్లో చిక్కుకుంటాయి. బంకమన్ను ఖరీదైన సర్ఫాక్టెంట్‌ను కూడా తనకు అంటించుకుంటుంది.

స్పాంజి పోలిక ఈ తేడాలన్నిటినీ దాచేస్తుంది. సచ్ఛిద్రత రాతిలో ఎంత చమురు పట్టగలదో చెబుతుంది. అది ఎంత కదులుతుందో చెప్పదు. ప్రయోగశాలలో చిన్న కోర్ ముక్క ఇచ్చిన ఫలితం క్షేత్రంలో రాకపోవడానికి తరచుగా కారణం ఇదే.

మనం వాడే ముడిచమురులో 80 శాతానికి పైగా దిగుమతి చేసుకుంటున్నదే. కాబట్టి రాతిని చదవకుండా రసాయనాన్ని ఎంచుకుంటే డబ్బూ పోతుంది, చమురూ భూమిలోనే మిగిలిపోతుంది.

స్వయం మదింపు ప్రశ్న: సచ్ఛిద్రత సమానంగా ఉన్న రెండు ఇసుకరాళ్లలో ఒకే పాలిమర్ వేర్వేరు ఫలితాలు ఎందుకు ఇస్తుంది? మూడు భూవైజ్ఞానిక కారణాలు రాయండి.