కర్ర గాలికి తగిలితే

కోలాటంలో తాళం ముందు కాళ్లకు పట్టుబడుతుంది. చేతుల వంతు ఆ తర్వాతే. నల్గొండ–మిర్యాలగూడ దారిలోని మాడుగులపల్లి వైపు ఊళ్లలోనైనా, తెలంగాణలో మరెక్కడైనా ఈ వరస పెద్దగా మారదు. ముందు వట్టి అడుగు, దాని మీద చప్పట్లు, అవి కుదిరాక కర్రలు. పాట మొదటి నుంచీ వెంట ఉంటుంది. ఒక్కో అడుగుల వరసను కోపు అంటారు. గురువు తాళాలు మోగిస్తూ సైగ చేయగానే కోపు మారాలి.

ఈ చదువులో తప్పు దిద్దేది గురువు కంటే ముందు ఎదుటి కర్ర. జంట కోలాటంలో తన కర్రలు తాను కొట్టుకుని, వెంటనే ఎదుటివారి కర్రను అందుకోవాలి. అర మాత్ర ఆలస్యమైతే కర్ర గాలికి తగులుతుంది. తప్పు జరిగిన క్షణంలోనే, ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. సంగీత తరగతుల్లో ఇంత సూటి దిద్దుబాటు అరుదు.

పిల్లలు చూసి పట్టేస్తారు. పెద్దలు లెక్కపెడతారు. లెక్కపెట్టినంతసేపూ అడుగు వెనకబడుతుంది. అందుకే పెద్దవాళ్ల చేత పాట పాడిస్తూ అడుగు వేయించడం మేలు. నోటికి పని పడితే లెక్క ఆగిపోతుంది.

కర్ణాటక సంగీతంలోనూ తాళం శరీరానిదే, కాకపోతే కుడిచేతికి పరిమితం. ఆదితాళానికి ఎనిమిది అక్షరాలు: ఒక దెబ్బ, చిటికెనవేలి నుంచి మూడు వేళ్ల లెక్క, ఆపైన రెండుసార్లు దెబ్బ–విసురు. చిక్కు సరళీ వరసల రెండో కాలంలో వస్తుంది. స్వరాలు రెట్టింపు కాగానే చాప మీది పిల్లవాడి చెయ్యి కూడా పరుగెత్తుతుంది. అదే పిల్లవాణ్ణి లేపి, తాళాన్ని నడకలో పెట్టి స్వరం పాడిస్తే ఒంటి బరువే కాలాన్ని నిలబెడుతుంది. తకిట, తకధిమి, తకతకిట వంటి గతులకూ ఇదే మందు.

ఈ సంగతినే యూరప్‌లో ఒక పద్ధతిగా మలిచినవాడు ఎమిల్ జాక్ డాల్‌క్రోజ్ (1865–1950). జెనీవా కన్సర్వేటరీలో 1892 నుంచి హార్మొనీ బోధించిన ఆయన, వేళ్లు చక్కగా ఆడే విద్యార్థులకు కూడా లయ నిలవకపోవడం గమనించాడు. వాళ్లనే నడిపిస్తే అడుగు సమంగా పడేది. దాంతో చేతులకు తాళం, కాళ్లకు పాటలోని లయ అప్పగించాడు. 1911లో డ్రెస్డెన్ దగ్గరి హెల్లెరావులో, 1915లో జెనీవాలో ఆయన పద్ధతికి విద్యాలయాలు వెలిశాయి.

కోలాటంలో లేనిది ఆయన తరగతిలో ఒకటుంది. గురువు పియానోపై అప్పటికప్పుడు కల్పించి వాయిస్తాడు. వేగం ఎప్పుడు మారుతుందో, ఎక్కడ ఆగుతుందో విద్యార్థికి తెలియదు, విని కదలాల్సిందే. కోపులు కంఠతా వచ్చిన దళానికి ఆ సౌకర్యం లేదు. పాట ముగింపు ముందే తెలుసు. మృదంగమో డప్పో వాయించేవారు దొరికితే ఆ లోటు తీర్చడం కష్టమేమీ కాదు.