ఆర్ఫియస్ పాట, సావిత్రి వాదం

పెళ్లైన కొద్దికాలానికే పాముకాటుతో చనిపోయిన భార్య కోసం పాతాళానికి పోయిన గాయకుడు ఆర్ఫియస్. భర్త ప్రాణం పట్టుకుపోతున్న యముడి వెంటపడి, మాటకు మాట చెప్పి, ఆ ప్రాణాన్ని వెనక్కి తెచ్చుకున్న ఇల్లాలు సావిత్రి. మొదటిది గ్రీకుల కథ, రెండోది మన భారతం అరణ్యపర్వంలో మార్కండేయుడు ధర్మరాజుకు చెప్పిన కథ. రెండింటినీ మనుషులు పాడుకునే నాటకాలుగా కట్టుకున్నారు.

పాత గ్రీకు నాటకాల్లో మాటలన్నీ పాడేవారని నమ్మిన ఫ్లారెన్స్ పండితులు కొందరు, అలాంటిదే మళ్లీ పుట్టించాలని పూనుకున్నారు. ఓపెరా అలా మొదలైంది. 1600లో యాకోపో పేరి, 1607లో మోంటెవెర్డి ఆర్ఫియస్ కథనే ఎత్తుకున్నారు. తెలుగులో అప్పటికే యక్షగానం ఉంది. కందుకూరి రుద్రకవి ‘సుగ్రీవ విజయం’ 16వ శతాబ్దం నాటిది. తర్వాత తంజావూరు నాయకరాజుల కొలువులో అది రాజభోగం అనుభవించింది. తెలంగాణ పల్లెల్లో మాత్రం రాజుల అండ లేకుండానే బతికింది.

హైదరాబాద్ దగ్గర కనకమామిడి, మొయినాబాద్, చేవెళ్ల వైపు దాన్ని భాగోతం అనే అంటారు. చిందోళ్లు కులవృత్తిగా ఆడేది ఒక తీరు. ఊరివాళ్లే గురువును పెట్టుకుని, నెలల తరబడి రాత్రిళ్లు నేర్చుకుని ఆడేది ఇంకో తీరు. పగలు కూరగాయల మడిలో, పూలతోటలో పని చేసుకున్న మనిషి రాత్రికి యముడి కిరీటం పెట్టుకుంటాడు. చూడటానికొచ్చిన వాళ్లకు కథంతా ముందే తెలుసు. సత్యవంతుడు బతుకుతాడని తెలిసే తెల్లారేదాకా కూర్చుంటారు. వాళ్లను కూర్చోబెట్టేది కథ కాదు, ఆ కథను పాటలో నడిపే పనితనం.

ఆ పనితనం దరువులో, అంటే తాళానికి కట్టిన పాటలో ఉంది. పాత్ర రంగం మీదికి వచ్చేటప్పుడు ఇద్దరు అడ్డంగా తెర పట్టుకుంటారు. కింద గజ్జెల కాళ్లు కనబడతాయి, ముఖం కనబడదు. మద్దెల, తాళాలు, హార్మోనియం అందుకుంటాయి. తెర తీయగానే వేషగాడు చిందేస్తూ తానెవరో ప్రవేశ దరువులో తానే చెప్పుకుంటాడు. కథ ముందుకు జరగాల్సిన చోట వచనం. దూరాలు దాటాల్సిన చోట ద్విపద. ఓపెరాలో సగం మాటగా, సగం పాటగా సాగే భాగం చేసే పని ఇక్కడ ఈ రెండూ పంచుకుంటాయి. మనసు విప్పాల్సిన చోట కందార్థం వస్తుంది. ముందు కందపద్యాన్ని తాళం లేకుండా, గొంతు ఎంతదూరం పోతే అంతదూరం రాగం తీసి పాడతారు. వెంటనే దాని అర్థాన్ని తాళంలో ఎత్తుకుంటారు. ఊపిరి బిగబట్టి విన్న జనం అక్కడ ఒక్కసారి కదులుతారు. ఈ మలుపంత అందమైనది మన పాట నాటకంలో మరొకటి లేదని నా నమ్మకం.

సంవాద దరువు దగ్గర సావిత్రి కథ నిజంగా రాణిస్తుంది. యముడు వెనక్కి పొమ్మంటాడు, ఆమె పోదు. భర్త ప్రాణం తప్ప ఏదైనా కోరుకోమంటాడు. మామగారి చూపు అడుగుతుంది, ఆయన పోగొట్టుకున్న రాజ్యం అడుగుతుంది, కొడుకులు లేని తండ్రికి నూరుగురు కొడుకులను అడుగుతుంది. చివరికి తనకూ నూరుగురు కొడుకులు కావాలంటుంది. యముడు సరేనన్నాక గానీ ఆ మాటలో ఏముందో ఆయనకు తట్టదు. కథ నడకే దరువుల నడక: ఆమె ఒక చరణం, ఆయన ఒక చరణం, చివరి మాటను వంతపాటగాళ్లు అందుకుని తిప్పి పాడటం. యముడు ఇచ్చిన మాటను ఊరంతా సాక్ష్యంగా పట్టుకున్నట్టు ఉంటుంది ఆ వంత. గ్రీకు నాటకంలో బృందగానం చేసే పని ఇదే.

మోంటెవెర్డి ఓపెరాలో పాతాళపు పడవవాడి ముందు ఆర్ఫియస్ తన విద్యనంతా చూపి పాడతాడు. పడవవాడి మనసు కరగదు, నిద్ర పడుతుంది. ఆర్ఫియస్ పడవ తీసుకుని దాటిపోతాడు. గొంతు గొప్పదనానికి అది పరాకాష్ఠ. సావిత్రికి మాత్రం యముడు మేలుకునే ఉండాలి, వినాలి, ఒప్పుకోవాలి. అందుకే మన దరువులో రాగం ఎంత ఎత్తుకు పోయినా అక్షరం మింగకూడదు. మాట తెలియకపోతే ఆట పోయినట్టే. మంచి గురువు మొదట సరిదిద్దేది అదే.

ఆర్ఫియస్ కథ పాతబడలేదు. 1986లో లండన్‌లో సంగీతకర్త హారిసన్ బర్ట్‌విసిల్ ఓపెరా ‘ది మాస్క్ ఆఫ్ ఆర్ఫియస్’ ఆడినప్పుడు ముఖ్యపాత్రలను ఒక్కొక్కరు కాక ముగ్గురేసి మోశారు: ఒక గాయకుడు, ఒక మూకాభినయ నటుడు, ఒక బొమ్మ. ఒకే ఘట్టాన్ని మళ్లీ మళ్లీ వేర్వేరుగా చూపారు. మన వేషగాడు పాట, ఆట, అభినయం మూడూ ఒక్క ఒంట్లోనే మోస్తాడు. ఈ బరువు తెలిసినవాళ్లు దాన్ని చిన్న విద్య అనరు.

సావిత్రి సంగతీ చెప్పాలి. సంస్కృతం నేర్చుకున్న ఇంగ్లీషు సంగీతకర్త గుస్తావ్ హోల్స్ట్ ఈ కథను 1908లో చిన్న ఓపెరాగా కట్టాడు. అది 1916లో లండన్‌లో ప్రదర్శనకు వచ్చింది. పాత్రలు మూడే, వాద్యగాళ్లు పన్నెండు మంది, ఆట అరగంట. వాద్యాలేవీ లేకుండా మృత్యువు గొంతుతో మొదలవుతుంది. ఆరుబయట కూడా ఆడుకోవచ్చని ఆయనే అన్నాడు. మన భాగోతాలు ఆడింది ఎప్పుడూ ఆరుబయటే.

భాగోత కళాకారిణి చిందు ఎల్లమ్మ ఈ విద్యను మగవేషాలతో సహా ఏళ్ల తరబడి మోసి 2005లో వెళ్లిపోయింది. 2024లో చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ వచ్చింది. సంతోషించాల్సిన విషయమే. అయితే వేదికల మీద ఈ కళకు మనమిచ్చే సమయం పావుగంటే. పావుగంటలో ప్రవేశ దరువు అవుతుంది, ఫొటోలు అవుతాయి. సావిత్రి మొదటి వరం కూడా అడగలేదు, అప్పటికే తర్వాతి కార్యక్రమం పిలుస్తారు. వరం మీద వరం పేరుకోకపోతే చివరి వరానికి బలమెక్కడిది?

హైదరాబాద్ నుంచి చేవెళ్ల దాకా దారి పొడవునా ఫంక్షన్ హాళ్లు, ఫామ్‌హౌస్‌లు వెలిశాయి. పెళ్లిళ్లకు, పుట్టినరోజులకు రాత్రంతా పాటలు పెట్టుకునే స్థోమత ఉన్నవాళ్లకు ఒక భాగోత బృందాన్ని పిలిచి, తగిన డబ్బిచ్చి, ఆట పూర్తిగా ఆడించడం పెద్ద పని కాదు. ఆ రాత్రిని పూర్తిగా రికార్డు చేసి ఒక ప్రతి బృందానికే ఇవ్వాలి. గురువుల దగ్గర మిగిలిన చేతిరాత పుస్తకాలకు ఫొటోలు తీసి భద్రపరచాలి. పుస్తకంలో పాట దొరుకుతుంది, వరస దొరకదు. అందుకే పాడగలిగినవాళ్లు ఉండగానే ఈ రెండూ జరగాలి.