ఆ అరగంట

“అద్దాలు మారిస్తే సరిపోతుంది కదా మేడమ్?” అన్నాడాయన. తాపీమేస్త్రి, నలభై లోపు వయసు. ఎడమ కంటికి గోడ నడుమ నల్లమచ్చ అడ్డొస్తోందట. ఎన్ని అద్దాలు పెట్టి చూసినా బోర్డు మీద పై అక్షరం దాటలేదు. చుక్కలు వేసి అరగంట కూర్చోబెట్టాను.

కనుపాప విప్పారాక లోపలికి చూశాను. రెటీనా సిరలు ఉబ్బి మెలికలు తిరిగాయి. అక్కడక్కడా నెత్తుటి మరకలు, కొన్నింటి నడుమ తెల్లచుక్క. చూపు నిలిచే మాక్యులా ముందే రక్తం చేరింది. వెంటనే సీబీపీ రక్తపరీక్ష రాశాను. పదకొండు వేలకు మించకూడని తెల్లకణాలు రెండు లక్షలు దాటాయి. క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అని రక్తవ్యాధుల డాక్టర్లు తేల్చారు.

ఒంటిమీద కత్తి పెట్టకుండా రక్తనాళాల్ని నేరుగా చూడగలిగేది కంట్లోనే. 1851లో హెల్మ్‌హోల్ట్జ్ ఆఫ్తాల్మోస్కోపును లోకానికి చూపించినప్పటి నుంచీ మాకు దక్కిన భాగ్యమిది. తెల్లకణాలు మితిమీరితే నెత్తురు చిక్కబడి నడక మందగిస్తుంది. ప్లేట్‌లెట్లు పడిపోతే రక్తస్రావం అవుతుంది. తెల్లచుక్క ఉన్న మరకల్ని రాత్ స్పాట్స్ అంటాం. అవి తీవ్రమైన రక్తహీనతలోనూ, గుండె కవాటాల ఇన్ఫెక్షన్‌లోనూ కనిపిస్తాయి. కన్ను అనుమానం చెబుతుంది, తేల్చాల్సింది రక్తపరీక్షే.

జబ్బు నయమైందనుకున్నాకా కంటిని వదలకూడదు. కీమో మందులు కంట్లోకి అంత సులువుగా చేరవు, లుకేమియా అక్కడ తిరగబెట్టవచ్చు. స్టెరాయిడ్లతో శుక్లం రావచ్చు. ఇతరుల నుంచి మూలుగ మార్పిడి చేయించుకున్నవాళ్లలో చాలామందికి కళ్లు పొడిబారతాయి.

వృత్తికి కొత్తలో, ఓపీ కిటకిటలాడుతున్న రోజున, మసక అంటూ వచ్చిన ఒక అమ్మాయికి చుక్కలు వేయకుండానే అద్దాలు రాసి పంపాను. రెండు వారాలకు చిగుళ్ల నుంచి రక్తం కారుతూ ఆసుపత్రిలో చేరిందని తెలిసింది. అక్యూట్ లుకేమియా. ఆమెకు నేను ఇవ్వాల్సిన అరగంట ఇవ్వలేదు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. హఠాత్తుగా చూపు తగ్గిందన్న ఎవరినీ ఆ తర్వాత చుక్కలు వేయకుండా పంపలేదు.

మేస్త్రి కంటికి ఆపరేషన్ చేయలేదు. రోజూ మాత్రలు వేసుకున్నాడు. కణాలు అదుపులోకి వచ్చాక కంట్లో రక్తం మెల్లగా ఇంకిపోయింది. మొన్న బోర్డు మీద ఆఖరు నుంచి రెండో వరుస చదివాడు, అద్దాలు లేకుండానే.

మీ కంటి డాక్టరు చుక్కలు వేసి ఆగమంటే విసుక్కోకండి. తొందరలో డాక్టరే మరిచిపోతే, వేయమని అడగండి.