అందరికీ అందే మెట్టు

బడి ప్రార్థనలో 'జన గణ మన' ఎక్కడ చెడుతుందో సదుం, సోమల, పుంగనూరు వైపు ఏ పీఈటీ సారును అడిగినా ఆలోచించకుండా చెబుతారు: చివర్లో, జయజయలు మొదలయ్యే చోట. ముందువరసలో నిలబడ్డ అమ్మాయి ఉత్సాహం కొద్దీ పై శృతిలో ఎత్తుకుంటుంది. మొదటి పాదాలు బాగానే నడుస్తాయి. తారషడ్జం దగ్గరికి వచ్చేసరికి సగం గొంతులు కీచుమంటాయి. గొంతు మారే వయసులో ఉన్న తొమ్మిదో తరగతి కుర్రాళ్లు పెదవులు కదిపి ఊరుకుంటారు. అది ఎత్తుకున్న శృతి తప్పే గాని పాట తప్పు కాదు. కట్టిన మనిషి ఆ కుర్రాళ్లను కూడా లెక్కలో పెట్టుకునే కట్టారు. సంగీతం రాని వందమంది ఒకేసారి పాడగలిగేలా వరస కట్టడం కచేరీకి కీర్తన కట్టడం కన్నా తేలికేమీ కాదని నా అభిప్రాయం. అటెన్షన్‌లో నిలబడి వినీ వినీ ఈ పాట పనితనం మన చెవికి ఆనకుండా పోయింది.

కవి నోటి వెంట ఈ పాట విని, అర్థం పూర్తిగా తెలియకముందే గొంతు కలిపినవాళ్లలో మదనపల్లె కాలేజీ విద్యార్థులు, అయ్యవార్లు ఉన్నారు. అనిబిసెంట్ 1915లో నెలకొల్పిన దివ్యజ్ఞాన కళాశాల అది. 1919లో అక్కడి ప్రిన్సిపాలు ఐర్లండు కవి జేమ్స్ కజిన్స్. అంతకుముందు ఆయన మద్రాసులో బిసెంటమ్మ నడిపే 'న్యూ ఇండియా' పత్రికలో ఉండేవారు. 1916లో డబ్లిన్‌లో జరిగిన ఈస్టర్ తిరుగుబాటును మెచ్చుకుంటూ రాసి ఆ ఉద్యోగం పోగొట్టుకుని మదనపల్లె చేరారు. భార్య మార్గరెట్ డబ్లిన్‌లో సంగీతంలో పట్టా పుచ్చుకున్నవారు. స్త్రీల ఓటుహక్కు కోసం అక్కడ జైలుకు వెళ్లి వచ్చారు. ఇక్కడ 1917లో మద్రాసులో భారత మహిళా సంఘం పెట్టినవాళ్లలో ఆమె ఒకరు. 1919 ఫిబ్రవరి నెలాఖరులో, దక్షిణదేశ యాత్రలో అలసిపోయిన రవీంద్రనాథ్ ఠాగూర్ నాలుగు రోజులు విశ్రాంతిగా ఉండవచ్చని ఈ చల్లటి ఊరికి వచ్చి, ఆ దంపతుల దగ్గర దిగారు.

కాలేజీలో వారానికోసారి రాత్రి భోజనాలయ్యాక పాటల సభ జరిగేది. దాన్ని కచేరీ అనలేం. ఎవరికి వచ్చింది వాళ్లు పాడతారు, రానివాళ్లు వంత కలుపుతారు. ఠాగూరు కూడా వచ్చి వాళ్ల మధ్య కూర్చున్నారు. పాడమని అడిగితే పాడారు. ఆ సంగతి జేమ్స్ కజిన్స్ తర్వాత భార్యతో కలిసి వెలువరించిన ఆత్మకథలో రాశారు. మొదట వింటున్నప్పుడు అదేదో భూగోళ పాఠంలా, దేశాల పేర్లూ కొండల పేర్లూ నదుల పేర్లూ వల్లెవేస్తున్నట్టు తోచిందట. పల్లవి దగ్గర మాత్రం అందరూ సర్దుకు కూర్చున్నారు. రెండో చరణం అయ్యేటప్పటికి గొంతులు సవరించుకున్నారు. మళ్లీ పాడమన్నారు, ఇంకోసారి పాడమన్నారు, కాసేపటికి సభ మొత్తం పల్లవి అందుకుంది. ఒక పాటకు ఇంతకంటే గట్టి పరీక్ష ఏముంటుంది? భాష రానివాడు, పాఠంలా ఉందని గొణుక్కున్నవాడు, ఒక్క రాత్రిలో వంతగాడయ్యాడు.

జాతీయగీతం పుట్టింది మదనపల్లెలోనే అని మనవాళ్లు కొందరు అంటుంటారు. అంత అక్కర్లేదు. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభలో దాన్ని పాడారు. మరుసటి నెల 'తత్త్వబోధిని' పత్రికలో అచ్చయింది. వరస కూడా కవి వెంట వచ్చిందే. దినేంద్రనాథ్ ఠాగూర్ బెంగాలీ పద్ధతిలో రాసిన స్వరలిపి వేరే ఉంది. మదనపల్లెలో జరిగినవి రెండు పనులు. ఠాగూరు ఈ పాటను 'ది మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా' పేరుతో ఇంగ్లీషు చేసి తన చేతిరాతతో ఇచ్చారు. దాని మీద ఉన్న తేదీ 1919 ఫిబ్రవరి 28. మార్గరెట్ కజిన్స్ వరసను పాశ్చాత్య పద్ధతిలో ఐదు గీతల మీద రాశారు. కాలేజీవాళ్లు దాన్ని తమ ప్రార్థనగీతంగా తీసుకున్నారు. అంటే దేశం ఆ పాటను 1950 జనవరి 24న అధికారికంగా స్వీకరించడానికి ముప్పై ఏళ్లు ముందే, ఈ రాళ్లగుట్టల మధ్య ఒక కాలేజీ దాన్ని రోజువారీ పాటగా పెట్టుకుంది.

ఇక వరసలోకి వెళ్దాం. పాట షడ్జం మీద మొదలై, రిషభం తాకి, గాంధారం ఎక్కి అక్కడే కూర్చుంటుంది. మొదటి పాదంలో ఎక్కువ అక్షరాలు ఆ ఒక్క గాంధారం మీదే పడతాయి. కచేరీ చెవితో వింటే ఇది పేదతనంలా ఉంటుంది. గుంపులో నిలబడి పాడేవాడికి మాత్రం ఇదే ఆసరా. ఆలస్యంగా అందుకున్నవాడు, పక్కవాడిని చూసి పాడేవాడు, సిగ్గుపడేవాడు, ముగ్గురికీ ఆ స్వరం దొరికేదాకా అది కదలదు. అక్షరానికి ఒక స్వరం, అంతే. గమకం దాదాపు లేదు. గమకం ఒక్క గొంతుకు అందం; వందమంది ఎవరికి తోచినట్టు వాళ్లు స్వరాన్ని ఊపితే మిగిలేది గోల.

కజిన్స్ భూగోళ పాఠం అనుకున్న భాగంలో పనితనం ఇంకా ముచ్చటైనది. ప్రాంతాల పేర్లు మొదలయ్యే చోట వరస షడ్జం నుంచి ఒక్క గెంతులో పంచమానికి వెళ్తుంది. గెంతు పెద్దదే, కాని మనిషి గొంతుకు ఇంత సులువైన గెంతు ఇంకోటి లేదు. తంబురా రోజూ పలికే జంట అది. పేర్లలో మొదటి వరస పంచమం మీద నడుస్తుంది, రెండో వరస మధ్యమం మీద, కొండలూ నదులూ గాంధారం మీద. మెట్లు దిగినట్టు ఒక్కో వరసకు ఒక్కో స్వరం తగ్గుతుంది. అర్థం తెలియనివాడికి కూడా తర్వాత ఏ పేర్లు రావాలో ఆ మెట్టు గుర్తుచేస్తుంది. పంచమం వరస చివర ఒక్క క్షణం ప్రతిమధ్యమం తగులుతుంది, వెంటనే మాయమవుతుంది. అంతా సాదా స్వరాలే అయిన వరసలో ఆ ఒక్క మెరుపు చాలనుకున్నారు. రెండో మెరుపు పెట్టి ఉంటే మన బళ్లలో ఎవరూ సరిగ్గా పాడి ఉండరు.

మాటల కూర్పులోనూ ఇదే జాగ్రత్త కనిపిస్తుంది. ఏ పాదమూ హల్లుతో తెగదు. ఆ, ఏ లాంటి అచ్చుల మీద గొంతు విప్పుకుని ఆగుతుంది. హల్లుతో ముగిసే మాటను వందమంది ఒకే క్షణంలో ఆపాలంటే సాధన కావాలి. అచ్చు మీదైతే వెనకబడ్డవాడు కూడా కలిసిపోతాడు. పేరుకు బెంగాలీ గాని మాటలన్నీ దాదాపు సంస్కృతం నుంచి వచ్చినవే, తెలుగు నోటికి తడబాటు లేదు. కలకత్తాలో 'ఒ'కారంలా వినిపించేది మన దగ్గర 'అ'కారం అవుతుంది. ఆ మాత్రం యాస ప్రతి ఊరికీ ఉండాల్సిందే.

వరస మొత్తం మంద్ర నిషాదం నుంచి తారషడ్జం దాకా, స్థాయి కంటే ఒక్క పిసరు ఎక్కువ, అంతే. అందుకే ఆడవాళ్లు, మగవాళ్లు ఒకే శృతిలో, ఒకరు పై స్థాయిలో ఒకరు కింది స్థాయిలో పాడేస్తారు. హార్మోనియం మీద ఒకటో శృతి ఇచ్చి మొదలుపెడితే బడిలో ఏ గొంతూ చిరగదు. తారషడ్జం ఉన్నది చివర మాత్రమే. అక్కడ జయధ్వని ఒకే పోకడతో మూడుసార్లు వస్తుంది, ఒక్కోసారి ఒక్కో మెట్టు కిందికి. మధ్యలో ఊపిరి తీసుకునే విరామం. పాడేవాళ్ల ఊపిరితిత్తులను తెలిసినవాడే ఆ విరామాలు పెట్టగలడు.

నాకు అన్నిటికంటే నచ్చేది ముగింపు. పాట షడ్జం మీద ముగియదు. కింది నుంచి మళ్లీ ఎక్కుతూ మధ్యమం మీద ఆగుతుంది, మొదటి పాదం ఆగిన చోటే. ఇంటికి చేరకుండానే నిలిచిపోయిందేమిటని అనుమానం వస్తుంది. అసలు పాటకు ఐదు చరణాలున్నాయని గుర్తొస్తే అనుమానం తీరుతుంది. ఆ మధ్యమం తర్వాతి చరణాన్ని ఎత్తుకోమని చెప్పే స్వరం. మనం ఒక్క చరణం పాడి, దాదాపు 52 సెకన్లలో ముగించి, 'జైహింద్' అనేస్తాం. తలుపు మాత్రం తెరిచే ఉంటుంది.

మార్గరెట్ పని గురించి ఒక మాట. విన్న పాటను ఐదు గీతల మీద పెట్టడం నకలు రాయడం లాంటిది కాదు. కవి ఒక్కరే పాడుకునేటప్పుడు ఒక అక్షరం సాగుతుంది, ఒకటి జారుతుంది, ఇంకోటి తొందరగా వెళ్లిపోతుంది. రాసేటప్పుడు ప్రతి అక్షరానికీ ఇంత కాలం అని తేల్చాలి. అలా తేల్చినచోట ఠాగూరు గొంతులోని జారుడు కొంత పోయింది, సందేహం లేదు. బదులుగా నాలుగు దెబ్బల నిక్కచ్చి నడక వచ్చింది. బృందానికి కావలసింది అదే. రాతలో ఉన్న వరసను ఎవరూ చూడని ఊళ్లో ఎవరైనా వాయించవచ్చు. 1942 సెప్టెంబరులో జర్మనీలోని హాంబర్గులో వాద్యబృందం ఈ గీతాన్ని వాయించింది. 1948లో జాతీయగీతం చర్చ వచ్చినప్పుడు బ్యాండులూ ఆర్కెస్ట్రాలూ వాయించడానికి వీలైన పాట ఇది అన్న సంగతిని నెహ్రూ ముఖ్యంగా ఎత్తి చెప్పారు. పాట ఎంపికలో దాని కట్టుబడికి కూడా ఓటు ఉందన్నమాట.

ఇదంతా చదివి, మనకు బృందగానం ఐర్లండు దొరసాని నేర్పిందని ఎవరైనా అనుకుంటే అది మన భజన గుడి ఎదుట నిలబడనివాళ్లు అనుకునే మాట. ఈ చుట్టుపక్కల ఊళ్లలో ధనుర్మాసం తెల్లవారుజామున, శనివారం రాత్రుళ్లు, శ్రీరామనవమికి పాడేవాళ్లు రైతులు, కూలీలు, మిషను కుట్టేవాళ్లు, టమోటా లోడు మదనపల్లె మార్కెట్టుకు పంపి వచ్చినవాళ్లు, పాల కేంద్రంలో పాలు పోసి వచ్చిన ఆడవాళ్లు. ఎవరికీ స్వరాల పేర్లు తెలియవు. కాని ఠాగూరు పాటలో చూసిన సూత్రాలన్నీ వాళ్ల చేతిలో ఉన్నాయి. గురువు పాదం ఎత్తుకుంటాడు, బృందం వంత పాడుతుంది. వంతకు ఇచ్చే పాదం ఎప్పుడూ చిన్నది, తక్కువ స్వరాల్లో తిరిగేది. కష్టమైన సంగతులన్నీ గురువు తన వాటాకే ఉంచుకుంటాడు. వంత చివరి అక్షరం ఇంకా గాలిలో ఉండగానే తర్వాతి పాదం అందుకుంటాడు. అందుకే గంటలకొద్దీ పాడినా ఎవరికీ ఊపిరి చాలకపోవడం ఉండదు, పాట తెగడమూ ఉండదు.

వాళ్లకు వచ్చిన సాహిత్యం కూడా అలా పాడటానికే కట్టింది. తాళ్లపాక అన్నమయ్య సంకీర్తనల పల్లవులు వంతకు ఒదుగుతాయి. త్యాగరాజు పెద్ద కృతుల్లో ఎంత పనితనం చూపించారో, దివ్యనామ కీర్తనల్లో దాన్ని అంత అదుపులో పెట్టుకున్నారు: చరణాలు ఎన్ని ఉన్నా వరస ఒక్కటే, ఒకటి నేర్చుకుంటే అన్నీ వచ్చినట్టే. ఇక వాయల్పాడు పక్క తరిగొండలో పుట్టిన వెంగమాంబ ఈ గడ్డ మనిషే. తిరుమలలో ఈనాటికీ రాత్రి ఏకాంతసేవ వేళ ఆమె పేరున ముత్యాల హారతి సాగుతుంది. సినిమా వరసలకు దేవుడి పాటలు కట్టుకునే అలవాటును పెద్దలు విసుక్కుంటారు గాని నాకు అందులో తప్పు కనబడదు. అందరికీ ముందే తెలిసిన వరసయితే సగం సాధన అయిపోయినట్టే.

గొంతుల్ని వేరు వేరు దారుల్లో నడిపి మళ్లీ కలిపే పాశ్చాత్య పద్ధతిని మన పాటలోకి తెచ్చినవాళ్లలో ముఖ్యుడు ఎం.బి. శ్రీనివాసన్. 1925లో చిత్తూరులో పుట్టారు, సినిమాలకు సంగీతం చేశారు, 1970ల తొలినాళ్లలో మద్రాస్ యూత్ కాయిర్ పెట్టి వృత్తి గాయకులు కాని యువతీయువకుల చేత అనేక భారతీయ భాషల్లో పాడించారు. మంచి పని. అయినా ఊరి గుంపుకు ఒకే వరసలో పాడటమే నప్పుతుందని నాకనిపిస్తుంది. పక్కవాడి స్వరం నా స్వరం ఒకటే అయినప్పుడు గొంతు లేనివాడికీ చోటుంటుంది.

భజనలో ఆ చోటు ఇంకా విశాలం. శృతి అస్సలు అందనివాడి చేతికి తాళాలు ఇస్తారు. చెక్కభజన అయితే చెక్కలు పట్టి, గజ్జె కట్టి అడుగు వేస్తాడు. గురువు నోట ఈల పెట్టుకుని ఉంటాడు. ఈల మోగితే అడుగు మారాలి, రెండోసారి మోగితే కాలం పెరగాలి. ఒకటో కాలంలో పాదం మొత్తం పాడినవాళ్లు రెండో కాలంలో సగం పాదం, మూడో కాలంలో దేవుడి పేరు మాత్రం పాడతారు. వేగం పెరిగేకొద్దీ మాట తగ్గించుకోవడం వాళ్లకు ఎవరూ పుస్తకంలో చెప్పింది కాదు. మూడో కాలంలో ఎవరో ఒకరి అడుగు తప్పుతుంది, చెక్కలు చెక్కలకు తగులుతాయి, అందరూ నవ్వుతారు. గురువు తిట్టి, మద్దెల అతనికి సైగ చేసి, మళ్లీ ఒకటో కాలం నుంచి ఎత్తుకుంటాడు.